తూర్పు కనుమలలో తల్లుల వంశం

కొన్నేళ్ల క్రితం కోస్తా జిల్లాలలోని ఒక కుటుంబం వారు తమ ఇంటి షజరాను ఫారసీ నుంచి తెలుగులోకి మార్చిపెట్టమని నాకు పంపించారు. అంచులు చెదలు తిన్నాయి గాని నస్తాలీఖ్ దస్తూరీ మాత్రం చక్కగా నిలిచి ఉంది. పద్నాలుగు తరాల పేర్లు ఒకదాని కింద ఒకటి, ప్రతి రెండు పేర్ల నడుమ ఒక 'బిన్'. తమ మూలపురుషుడు బుఖారా నుంచి దక్కనుకు వచ్చాడని ఆ ఇంటి పెద్ద ఉత్తరంలో గర్వంగా వ్రాశారు. అనువాదం రెండు రోజుల పని. అది ముగించి సరిచూసుకుంటున్నప్పుడు గాని నాకు తట్టలేదు, ఆ కాగితంలో ఒక్క స్త్రీ పేరు కూడా లేదని. పద్నాలుగు మంది పురుషులకు పద్నాలుగు మంది తల్లులు ఉండే ఉంటారు. వారు ఏ ఊరివారు, పుట్టింట ఏ భాష మాట్లాడేవారు అన్నది షజరా చెప్పదు. మూలపురుషుడు బుఖారా నుంచే వచ్చి ఉండవచ్చు. ఆయన భార్య కూడా అక్కడి నుంచే వచ్చిందనడానికి మాత్రం ఆ కాగితంలో ఆధారం లేదు.

ఇలా వ్రాయకుండా వదిలేసిన వంశాన్ని చదివే సాధనం ఒకటి గత నలభై ఏళ్లలో చరిత్రకారుల చేతికి వచ్చింది. తల్లి నుంచి మాత్రమే బిడ్డలకు సంక్రమించే డి.ఎన్.ఏ. అది. దాని సహాయంతో గుర్తించిన ప్రాచీన మాతృవంశాలలో ఒకదాని వేళ్లు మనకు చాలా దగ్గరలోనే, అరకు లోయను ఆనుకొని ఉన్న కొండలలో కనిపిస్తున్నాయి. శాస్త్రజ్ఞులు దానికి ఆర్-8 అని పేరు పెట్టారు. ఆ వంశం పుట్టుక, విస్తరణ ఈ వ్యాసానికి విషయం. ఆ కొండల సంగతి విచారిస్తూ పోతే చివరకు మన షజరాల సంగతి కూడా విచారించక తప్పదు.

ముందుగా ఈ సాధనం ఎలా పనిచేస్తుందో చూద్దాం. మన శరీర కణాలలోని ప్రధాన డి.ఎన్.ఏ. కేంద్రకంలో ఉంటుంది. అది తల్లిదండ్రులిద్దరి నుంచీ కలగలిసి వస్తుంది. కేంద్రకానికి వెలుపల, కణానికి శక్తిని సమకూర్చే మైటోకాండ్రియా అనే సూక్ష్మ భాగాలున్నాయి. వాటికి సొంతంగా ఒక చిన్న డి.ఎన్.ఏ. ఉంది. ఇది తల్లి అండం ద్వారా బిడ్డకు చేరుతుంది. కొడుకుకూ చేరుతుంది గాని అతనితోనే ఆగిపోతుంది. తర్వాతి తరానికి అందించేది కూతురే. దీని అక్షరాల వరుసను పూర్తిగా చదివి 1981లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మొత్తం 16,569 అక్షరాలు. కేంద్రకంలో ఉన్న మూడు వందల కోట్ల అక్షరాల ఉద్గ్రంథం ముందు ఇది చిన్న రిసాలా వంటిది.

వ్రాతప్రతులతో పరిచయమున్న పాఠకులకు తక్కినది సులభంగానే బోధపడుతుంది. ఒక కాతిబ్ గ్రంథాన్ని నకలు చేస్తూ ఒక చోట ఒక అక్షరం తప్పు వ్రాశాడనుకుందాం. ఆ నకలును చూసి వ్రాసిన ప్రతులన్నింటిలోనూ ఆ తప్పు దిగుతుంది. ఆ తర్వాతి కాతిబ్ తన తప్పు ఒకటి చేరుస్తాడు. హైదరాబాదులో ఒకటి, ఇస్తాంబుల్‌లో ఒకటి ఉన్న రెండు నుస్ఖాలలో అదే చోట అదే తప్పు కనిపిస్తే, రెండూ ఒకే ప్రతి సంతానమని గ్రహిస్తాం. మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. కూడా తరతరాలుగా నకలవుతూ, వేల ఏళ్లకు ఒకసారి ఒక అక్షరం మారుతూ వస్తుంది. ఒకే మార్పులు గల స్త్రీపురుషులందరూ ఏదో ఒక కాలంలో జీవించిన ఒక స్త్రీ సంతతి. మార్పులు ఎన్ని పోగుపడ్డాయో లెక్కిస్తే ఆమె సుమారుగా ఎప్పుడు జీవించిందో అంచనా వేయవచ్చు.

1987లో రెబెక్కా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ అనే ముగ్గురు పరిశోధకులు లోకంలోని పలు ప్రాంతాలకు చెందిన 147 మంది డి.ఎన్.ఏ.ను పోల్చి, ఈ శాఖలన్నీ సుమారు రెండు లక్షల ఏళ్ల క్రితం ఆఫ్రికాలో జీవించిన ఒక స్త్రీ దగ్గర కలుస్తాయని వ్రాశారు. పత్రికల వారు వెంటనే ఆమెకు 'ఈవ్' అని పేరు తగిలించారు. మన పత్రికలు కొన్ని దాన్ని హజ్రత్ హవ్వా (అలైహిస్సలాం)గా అనువదించాయి. అనువాదకుడిగా నాకు ఇందులో అభ్యంతరం ఉంది. ఆ పరిశోధన చెప్పిన స్త్రీ తన కాలంలో ఏకైక స్త్రీ కాదు. ఆమెతో పాటు వేలమంది స్త్రీలుండేవారు. వారి వంశాలలో ఎక్కడో ఒక చోట కూతుళ్లు లేక తల్లి వైపు పరంపర తెగిపోయింది, అంతే. విశ్వాసానికి సంబంధించిన పేరును లెక్కల నుంచి వచ్చిన విషయానికి తగిలిస్తే రెండింటికీ అన్యాయమే. ఈ వ్యాసంలో ఆ పేరు వాడను.

ఆఫ్రికా నుంచి బయటికి వచ్చిన మానవ సమూహాలలో రెండు పెద్ద మాతృశాఖలు మిగిలాయి. వాటికి ఎమ్, ఎన్ అని పేర్లు. ఎన్ నుంచి ఆర్ అనే శాఖ చీలింది. ఈ అక్షరాలు కనుగొన్న వరుసలో పెట్టినవే గాని వాటికి వేరే అర్థం లేదు. ఎ, బి, సి, డి అమెరికా ఖండపు ఆదివాసులకు దక్కాయంటే మొదట వారిని పరిశీలించారు గనుకనే. ఆర్ శాఖకు సంతానం విస్తారం. ఐరోపాలో, అరబ్బు దేశాలలో, ఇరానులో ఎక్కువగా కనిపించే హెచ్, జె, టి, యు శాఖలన్నీ దాని బిడ్డలే. భారతదేశంలోనే ఉండిపోయిన ఆర్-5, ఆర్-6, ఆర్-7, ఆర్-8 కూడా దాని బిడ్డలే. అంటే జె శాఖకు చెందిన ఒక అరబ్బు స్త్రీ, ఆర్-8కు చెందిన ఒక గదబ స్త్రీ, తల్లుల వరుసలో వెనక్కి నడిస్తే ఇద్దరూ ఒకే ముంగిటికి చేరతారు.

ఇక ఆర్-8. హైదరాబాదులో సి.సి.ఎం.బి.గా ప్రసిద్ధమైన పరిశోధన సంస్థకు చెందిన కుమారస్వామి తంగరాజ్, ఆయన సహచరులు 2009లో దీనిపై విపులమైన పరిశీలన ప్రకటించారు. ఉపఖండంలోని 104 సముదాయాలకు చెందిన 5,836 మందిని పరీక్షిస్తే 54 మందిలో మాత్రమే ఈ శాఖ గుర్తు కనిపించింది. నూటికి ఒకరు కూడా లేరు. ఆ 54 మంది మాతృ డి.ఎన్.ఏ.ను అక్షరం విడవకుండా చదివితే లోతుగా చీలిన రెండు ఉపశాఖలు బయటపడ్డాయి. ఒకదాని వయస్సు సుమారు 15,400 ఏళ్లు, రెండవదాని వయస్సు సుమారు 25,700 ఏళ్లు. మొత్తం శాఖ 40 నుంచి 45 వేల ఏళ్ల క్రితం ఈ నేల మీద నిలదొక్కుకొని ఉంటుందని వారి అంచనా. ఈ శాఖ అన్నిటికన్నా ఎక్కువగా కనిపించినది ఒడిశాలో. అందులోనూ, నేడు ముండా భాషలు మాట్లాడే గిరిజనులు నివసించే దక్షిణ ఒడిశాయే దాని జన్మస్థానం కావచ్చునని వారు భావించారు.

ఈ అంకెలను చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. 15,400 అన్నదానికి 7,200 ఏళ్లు అటూ ఇటూ, 25,700 అన్నదానికి 10,200 ఏళ్లు అటూ ఇటూ తేడా ఉండవచ్చునని పరిశోధకులే వ్రాశారు. హిజ్రీ సంవత్సరాన్ని క్రీస్తు శకంలోకి మార్చినంత కచ్చితం కాదిది. మరొక సంగతి. ఒక శాఖ ఒక చోట ఎక్కువగా ఉన్నంత మాత్రాన అది అక్కడే పుట్టిందని తీర్మానించరాదు. మైదానంలో జనం కలిసిపోయి పాత శాఖలు పలచబడితే, కొండల మీద అవి చిక్కగా మిగలవచ్చు. కొండ పుట్టిల్లు కావచ్చు, తలదాచుకున్న చోటూ కావచ్చు. ఉపశాఖలు రెండూ అంత లోతుగా అక్కడే చీలి ఉండటం వల్ల మొదటిదే నిజమని తంగరాజ్ బృందం మొగ్గింది. నాకూ అదే సబబుగా తోస్తుంది. 

'దక్షిణ ఒడిశా' అంటే మనకు పరాయి దేశంలా వినిపిస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రం అయ్యే వరకు కోరాపుట్ ప్రాంతమంతా, అంటే జయపురం సంస్థానం, మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. అరకు లోయకూ కోరాపుట్ పీఠభూమికీ మధ్య గీత గీసింది ప్రభుత్వమే గాని ప్రకృతి కాదు. అరకు 2022 నుంచి పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. గీతకు ఇటు పక్కా అటు పక్కా అవే తెగలు. సంత రోజున అరకులో నిలబడి వింటే కువి, కొండ, గదబ, ఆదివాసీ ఒరియా, తెలుగు చెవిన పడతాయి. ఖోందులు, కొండదొరలు, గదబలు, పోర్జలు, కోటియాలు, బగతలు, వాల్మీకులు అక్కడ ఒకరికొకరు ధాన్యం, పసుపు, పిప్పళ్లు కొలుచుకుంటారు.

ఈ తెగలలో కనిపించే ఇంటిపేర్లు గమనించదగినవి. కిల్లో, కొర్రా, పాంగి, వంతల, గొల్లోరి. కిల్లో అంటే పులి, కొర్రా సూర్యుడు, పాంగి గద్ద, వంతల పాము, గొల్లోరి కోతి. పలు తెగలలో ఇవే పేర్లు తిరిగి తిరిగి వస్తాయి. పేరు తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది. పులివారు పులివారిని పెండ్లాడరాదు. కాబట్టి ప్రతి తరంలోనూ కోడలు మరొక వంశం నుంచి, తరచుగా మరొక ఊరి నుంచి రావలసిందే. ఓలి చెల్లించి తెచ్చుకున్న కోడలు తన వెంట తెచ్చేది తన తల్లి డి.ఎన్.ఏ. ఆమె కూతురు దాన్ని మూడవ ఊరికి పట్టుకుపోతుంది. పురుషుల పేరు ఒక గూడెంలో తరతరాలు కదలకుండా ఉంటే, స్త్రీల వంశం కొండ మీద నుంచి కొండ మీదికి నడుస్తూ ఉంటుంది. మాతృవంశాల విస్తరణ అనగానే గుర్రాల దండులు, మహా ప్రస్థానాలు ఊహించుకోనవసరం లేదు. ఒక్కొక్క తరంలో ఒక్కొక్క పెండ్లి, ఎనిమిది పది మైళ్ల దూరం. వెయ్యి తరాలకు అది ఎంత దూరమైనా పోతుంది.

ఇప్పుడు చిక్కు ప్రశ్నకు వద్దాం. ఆర్-8 ఎక్కువగా ఉన్నవారు నేడు ముండా భాషలు మాట్లాడతారు. మరి ముండా భాషలు ఎక్కడివి?

మన తెలుగువారిలో ఈ భాషలను మొదట శ్రద్ధగా విన్నది గిడుగు వెంకట రామమూర్తి పంతులు. వ్యావహారిక భాష కోసం పోరాడిన పంతులుగానే ఆయనను అందరూ ఎరుగుదురు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవరల మధ్య ఏళ్ల తరబడి తిరిగి వారి భాష నేర్చి, 1931లో దాని వ్యాకరణాన్నీ 1938లో నిఘంటువునూ వెలువరించారు. ఆయన వివరించిన సవర భాషకు తెలుగుతో గాని సంస్కృతంతో గాని పుట్టు సంబంధం లేదు. దాని చుట్టాలు తూర్పున ఉన్నాయి: బర్మాలోని మోన్, కంబోడియాలోని ఖ్మేర్, ఇంకా దూరంగా వియత్నామీ. ఈ కుటుంబానికి 1906లో విల్‌హెల్మ్ ష్మిట్ పెట్టిన ఆస్ట్రో-ఆసియాటిక్ అన్న పేరే నేటికీ నడుస్తోంది. కోరాపుట్, అరకు ప్రాంతపు గదబలలో ఒక వర్గం మాట్లాడే గుతోబ్ కూడా ఇందులోనిదే.

గదబల సంగతి ఇంకా విచిత్రం. కెరంగ్ నారతో చారల కోకలు నేసుకునే తెగగా పాత వర్ణనలన్నీ వారిని ఒక్కటిగానే చెబుతాయి. కాని వారిలో ఒక వర్గం ముండా భాష అయిన గుతోబ్ మాట్లాడితే, మరొక వర్గం మాట్లాడే ఒల్లారి ద్రావిడ భాష, తెలుగుకు దూరపు చుట్టం. ఒల్లారిని భట్టాచార్య 1957లో, మన వైపు గదబల కోనేకోర్ మాటను పేరి భాస్కరరావు 1980లో గ్రంథస్థం చేశారు. అరకు ప్రాంతపు కొండదొరల కూబి భాషకు భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో వ్యాకరణం వెలువరించారు. ఒకే తెగ పేరు కింద రెండు భాషా కుటుంబాలు ఎలా వచ్చాయి? భాష మార్చుకోవడం అసాధ్యమేమీ కాదని ఇది చాలు చెప్పడానికి. 

పరిశోధకులు ఈ ప్రశ్నను డి.ఎన్.ఏ. వైపు నుంచి అడిగారు. తల్లి వంశానికి మైటోకాండ్రియా ఎలాగో, తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే పోయే వై క్రోమోజోము తండ్రి వంశానికి అలాగ. జ్ఞానేశ్వర్ చౌబే, ఆయన సహచరులు 2011లో ప్రకటించిన పరిశీలనలో, ముండా భాషలు మాట్లాడే పురుషులలో అధిక భాగం ఆగ్నేయాసియాలో ప్రబలంగా ఉన్న పితృశాఖకు చెందినవారని తేలింది. వారి తల్లి వైపు శాఖలు మాత్రం భారతదేశపువే. అంటే తూర్పు నుంచి వచ్చినవారు ప్రధానంగా పురుషులు. వారు పెండ్లాడినది ఇక్కడి స్త్రీలను. రెండు జనాల కలయిక 2,000 నుంచి 3,800 ఏళ్ల క్రితం మధ్య జరిగి ఉంటుందని 2019లో వెలువడిన మరొక పరిశోధన లెక్కకట్టింది. అదే ఏడు ఫెలిక్స్ రావు, పాల్ సిడ్‌వెల్ అనే భాషా శాస్త్రజ్ఞులు, ముండా భాషల పూర్వరూపం సముద్రం మీదుగా వచ్చి మహానది ముఖద్వార ప్రాంతంలో దిగి ఉంటుందని వాదించారు. అది ప్రతిపాదనే గాని రుజువైన విషయం కాదు. అయినా కలింగ రేవుల ఎరుక ఉన్నవారికి అది అసంభవంగా తోచదు.

ఇప్పుడు రెండు వయస్సులను పక్కపక్కన పెట్టి చూడండి. ఆర్-8 వయస్సు నలభై వేల ఏళ్లు. ముండా భాష రాక నాలుగు వేల ఏళ్ల లోపు. భాష కన్నా తల్లులు పదింతలు పాతవారు. కాబట్టి 'ఆర్-8 ముండావారి వంశం' అనడం పొరపాటు. వారు ఇక్కడ నిలదొక్కుకున్ననాడు ముండా భాష ఈ కొండలలో లేదు. వారు ఏ భాష మాట్లాడారో దానిలో ఒక్క మాట కూడా మనకు దక్కలేదు. భర్తల భాష బిడ్డల భాష అయింది. తల్లి భాష అని మనం అలవాటుగా అనే మాట ఇక్కడ నిజానికి తండ్రి భాష.

ఆర్-8కు సోదరశాఖ అయిన ఆర్-7 కథ కూడా దీన్ని బలపరుస్తుంది. 2008లో దాదాపు 12,000 మంది వివరాలను పరిశీలించిన చౌబే బృందం, ఉత్తరాన జార్ఖండ్ వైపు ముండా తెగలలో ఆర్-7లోని ఒక కొత్త కొమ్మ విస్తారంగా ఉన్నా, దాని మొదలు ఇతర భాషలవారిలో ఉందని చూపింది. డి.ఎన్.ఏ. పోలికలు భాషతో కన్నా భూగోళంతోనే ఎక్కువగా కలిశాయి. అంతకు ముందు 2003లో మన నల్లమల చెంచులనూ గోదావరి కోయలనూ పరీక్షించినప్పుడు సైతం, వారి మాతృశాఖలు దేశమంతటా అన్ని అంతస్తుల కులాలలో కనిపించే శాఖలతోనే కలిశాయి. అడవిలో ఉన్నవారు వేరే జాతి అన్న పాత పుస్తకాల మాట ఇక్కడ నిలవదు.

కొండ దిగి విశాఖపట్నం వద్దాం. ఆ ప్రాంతపు కులాలను ఆంధ్ర విశ్వవిద్యాలయ మానవశాస్త్రజ్ఞులూ అమెరికాలోని యూటా శాస్త్రజ్ఞులూ కలిసి పరిశీలించి 1998లో ఒక ఫలితం ప్రకటించారు. తల్లి వైపు డి.ఎన్.ఏ.లో పక్కపక్క అంతస్తుల కులాలకు దగ్గరి పోలిక, దూరపు అంతస్తులకు దూరపు పోలిక కనిపించింది. తండ్రి వైపు అటువంటి మెట్లు లేవు. దీనికి వారు చెప్పిన కారణం, స్త్రీ పెండ్లి ద్వారా పై మెట్టుకు దాటగలిగేది, పురుషుడు దాటలేకపోయేవాడు అని. కులం గోడలో ఉన్న సందు స్త్రీల కొలతకు సరిపోయేది.

ఇక మన సంగతి. భారత ముస్లిములపై 2010లో ఒక పరిశోధన వెలువడింది. వేర్వేరు ప్రాంతాలకు చెందిన ఆరు ముస్లిం సముదాయాల నుంచి తల్లి వైపు డి.ఎన్.ఏ. కోసం 472 మందినీ, తండ్రి వైపుకు 431 మందినీ పరీక్షించారు. చాలా సముదాయాలకు వంశంలో అత్యధిక భాగం ఇరుగు పొరుగు ముస్లిమేతర జనం నుంచే వచ్చిందని తేలింది. ఆఫ్రికా, అరేబియా, పశ్చిమాసియా జాడలు స్వల్పంగా ఉన్నాయి. బయటి నుంచి వచ్చిన కొద్ది భాగం కూడా ప్రధానంగా ఇరాన్, మధ్యాసియాల నుంచి. నేరుగా అరేబియా నుంచి వచ్చినది చెప్పుకోదగినంత లేదు. ఇస్లాం ఈ దేశంలో వ్యాపించింది ప్రధానంగా విశ్వాసాన్ని స్వీకరించడం ద్వారా, వలస ద్వారా కాదు అన్నది వారి నిర్ణయం.

ఈ మాట మనలో కొందరికి రుచించదు. అష్రాఫ్, అజ్లాఫ్ అనే విభజన మన సమాజంలో లేదని చెప్పేవారు కూడా పెండ్లి సంబంధం వచ్చినప్పుడు షజరా అడుగుతారు. దూదేకుల ఇంటి పిల్లను 'వారు ఇక్కడివారు' అని తిరగ్గొట్టిన సంబంధాలు ప్రతి ఊరిలోనూ ఉన్నాయి. 'ఇక్కడివారు' కాని వారెవరు అన్నది ప్రశ్న. మరోవైపు, ముస్లిములందరూ బయటివారేనని వాదించే రాజకీయం ఒకటి ఉంది. ఆ వాదనను ఖండించే మనమే, ఇంట్లో బుఖారా కాగితాన్ని చూపి మురిసిపోతే వాదన ఎలా నిలుస్తుంది?

అరబ్బు వంశ శాస్త్రజ్ఞులు ఈ విషయంలో మనకన్నా నిజాయితీపరులు. వంశానికి తండ్రినే ప్రమాణంగా పెట్టుకున్నా, తల్లుల జాడను వారు చెరిపివేయలేదు. తెగకు వారు చెప్పే ఆరు మెట్లలో షాబ్, ఖబీలా, ఇమారా తర్వాత నాలుగవది 'బత్న్'. ఆ మాటకు అర్థం కడుపు. దాన్ని 'ఉపశాఖ' అని తెలుగు చేసినప్పుడల్లా అందులోని తల్లిని నా చేతులతో నేనే తొలగిస్తున్నట్లు అనిపిస్తుంది. చుట్టరికాన్ని నిలుపుకోవడానికి మన షరీఅత్‌లో ఉన్న మాట 'సిలతుర్రహిమ్'. రహిమ్ అంటే గర్భాశయం. రాబర్ట్‌సన్ స్మిత్ 1885లో ఇటువంటి మాటల ఆధారంగా, అరబ్బులలో ఒకప్పుడు మాతృస్వామ్యం ఉండేదని పెద్ద సిద్ధాంతమే లేవదీశాడు. అది అతిశయోక్తి. మాటల మీద అంత బరువు మోపకూడదు. కాని ఆ మాటలు ఉన్న సంగతి నిజం.

పేర్లు కూడా ఉన్నాయి. ముజైనా తెగ పేరు ఒక తల్లి పేరు. ఇల్యాస్ బిన్ ముదర్ సంతతి అంతా ఆయన పేరుతో కాక ఆయన భార్య బిరుదు 'ఖిందిఫ్' పేరుతో ప్రసిద్ధమైంది. ఆమె అసలు పేరు లైలా బింత్ హుల్వాన్, ముదర్‌కు వెలుపలి ఖుదాఆ తెగ ఆడబిడ్డ. ఖురైష్ కూడా ఆ ఖిందిఫ్ సంతతిలోనివారే. మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వంశావళిలో ఇల్యాస్ పేరు చదివే ప్రతి విద్యార్థీ ఈ తల్లి పేరు కూడా చదువుతాడు, లేదా చదవాలి. హజ్రత్ అలీ (రజి) కుమారుడు ముహమ్మద్ తల్లి తెగను బట్టి ఇబ్నుల్ హనఫియ్యా అయ్యారు. హదీసు పండితుడు ఇబ్ను ఉలయ్యా తల్లి పేరుతోనే ప్రసిద్ధుడు. తల్లుల పేర్లతో పిలవబడిన కవుల మీద ముహమ్మద్ బిన్ హబీబ్ హిజ్రీ మూడవ శతాబ్దంలో ఒక పుస్తకమే వ్రాశాడు. ఇబ్ను ఖల్దూన్ ఇంకొక అడుగు ముందుకు వేసి, నసబ్ అన్నది ప్రధానంగా ఊహలో ఉండే విషయమని, మనుషుల మధ్య కలుపుదలే దాని ప్రయోజనమని చెప్పాడు. ఆయన చెప్పినది పద్నాలుగవ శతాబ్దంలో. సూరా హుజురాత్ పదమూడవ ఆయత్‌లో జాతులకూ తెగలకూ చెప్పిన ప్రయోజనం పరిచయమే గాని ఆధిక్యం కాదన్నది పాఠకులకు నేను గుర్తుచేయనవసరం లేదు.

ఈ కొత్త సాధనాన్ని కూడా మరొక షజరాగా చేసుకొనే ప్రమాదం ఉంది. పద్నాలుగు తరాలు వెనక్కి వెళ్తే ఒక మనిషికి ఆ మెట్టులో 16,384 మంది పూర్వికుల స్థానాలుంటాయి. మేనరికాల వల్ల కొందరు రెండు మూడు స్థానాలలో కనిపిస్తారు గనుక మనుషులు అంతకు తక్కువే. షజరా వారిలో ఒక్కరి పేరు చెబుతుంది. మాతృ డి.ఎన్.ఏ. మరొక్కరి జాడ చెబుతుంది. మిగిలిన వేలమంది సంగతి రెండూ చెప్పవు. డబ్బు కట్టి ఉమ్మి పంపితే 'మీరు ఫలానా వంశం' అని కాగితం పంపే వ్యాపారాలు వచ్చాయి. ఆ కాగితాన్ని చట్రంలో బిగించి గోడకు తగిలించుకుంటే పాత రోగానికి కొత్త పేరు పెట్టినట్లే.

గిరిజనుల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. పితృశాఖ తూర్పుదని తేలింది గనుక సవరలు, గదబలు వలసవచ్చినవారేనని ఎవరైనా వాదించబోతే, వారి తల్లులు నలభై వేల ఏళ్లుగా ఇక్కడే ఉన్నారన్నది తగిన జవాబు. అయితే వారి భూమి హక్కుకు అసలు ఆధారం అది కానే కాదు. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోరాదన్న 1959 నాటి మొదటి నిబంధన, 1970లో దానికి చేసిన సవరణ, రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు, అరకు పక్కనే ఉన్న బొర్రా ప్రాంతపు గనుల వివాదంలో 1997లో సుప్రీం కోర్టు ఇచ్చిన సమతా తీర్పు, ఇవీ ఆధారాలు. రక్తం పరీక్షించి పట్టా ఇచ్చే రోజు వస్తే పట్టా పోగొట్టుకోవడమూ రక్త పరీక్షతోనే జరుగుతుంది.

ఆర్-8 పుట్టుక గురించిన తుది సాక్ష్యం ఎముకల నుంచి రావాలి. మన వేడిలో, తేమలో ప్రాచీన డి.ఎన్.ఏ. నిలవడం కష్టం. హర్యానాలోని రాఖీగఢీలో అరవైకి పైగా నమూనాలు పరీక్షిస్తే ఒక్క స్త్రీ అస్థికలలో మాత్రమే చదవదగిన డి.ఎన్.ఏ. దొరికింది. 2019లో ప్రకటించిన ఆ ఫలితంలో ఆమె తల్లి వైపు శాఖ కూడా ఆర్ సంతతిలోని భారతీయ శాఖే. ఏటా కుండపోత వానలు కురిసే తూర్పు కనుమలలో అటువంటి ఎముక దొరకాలంటే బహుశా బొర్రా వంటి సున్నపురాతి గుహలలోనే దొరకాలి.

నా దగ్గరికి వచ్చిన షజరా సంగతి చెప్పి ముగిస్తాను. అనువాదాన్ని తిప్పి పంపుతూ దాని వెనుక ఒక తెల్ల కాగితం జతపరిచాను. ఇంట్లో ఉన్న వృద్ధ స్త్రీలను అడిగి, ఆమె తల్లి, ఆ తల్లి తల్లి, అలా గుర్తున్నంత వరకు పేర్లు వ్రాయించమని కోరాను. రెండు నెలలకు జవాబు వచ్చింది. నాలుగు పేర్లున్నాయి. నాలుగవ ఆమెకు రెండు పేర్లు: ఒకటి నికాహ్‌నాడు పెట్టినది, దాని పక్కన చిన్న అక్షరాలలో పుట్టింటివారు పిలిచే తెలుగు పేరు.